సంచిలో మాత్ర, చేతిలో చీటీ

నర్సు పని నేర్చుకుంటున్న అమ్మాయిలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. పాత రోజుల సంగతులు రాసుకుంటారట. అందులో ఒకమ్మాయి పెన్ను తీసి, "అవ్వా, మీ కాలంలో పల్లె జనానికి తెలివి లేక నిమ్ము చేసిన పిల్లల్ని పోగొట్టుకునేవాళ్ళంట కదా" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన పిల్లను తిట్టకూడదని మజ్జిగ ఇచ్చి పంపాను. ఆ తిట్లన్నీ ఇక్కడ రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై ఎనిమిదో ఏట. వాక్యం అటూ ఇటూ అయితే సర్దుకోండి. సంగతి మాత్రం అటూ ఇటూ కాదు.

నేను పుట్టింది పెద్దమండ్యం వైపు మెట్ట పల్లెలో. మొగుడు పోయాక పుంగనూరు చుట్టుపక్కల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయాగా చేరాను. ఊరి పేరు చెప్పను. ఊడవడం, సూదులు ఉడకబెట్టడం, కాన్పు గది కడగడం, ఇదీ పని. అక్కడి నర్సమ్మ క్రైస్తవ మిషను బడిలో చదువుకున్న మనిషి. పొద్దున ప్రార్థన చేసిన నోటితోనే ఆరు గంటలకల్లా తిట్టు మొదలుపెట్టేది. తొంభైలలో ఊరూరా పెద్దవాళ్ళకు చదువు చెప్పే ఉద్యమం వచ్చినప్పుడు ఒక పలక తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"రిజిస్టరులో బొటనేలు ఒత్తి ఒత్తి ఆ పేజీలన్నీ మసి చేసినావు. ఈ రోజు నించి రాయి మే."

"ఈ వయసులో యాల నర్సమ్మా నాకు?"

"సచ్చేటప్పుడు దేవుని దగ్గర సంతకం పెట్టాల. వేలిముద్ర ఆయన తీసుకోడు."

రాశాను. ఏడాదిన్నరకు కూడబలుక్కుని చదవడం, వంకర టింకరగా రాయడం వచ్చాయి. వచ్చాయి కాబట్టే నన్ను ఊడ్చే పని నుంచి కొంచెం పైకి లాగి, నర్సమ్మ వెంట ఊళ్ళు తిరగమన్నారు. ఆ గర్వం ఎంతగా ఉండేదంటే, బస్సెక్కితే సీటు వెనక రాసిన పేర్లు కూడా పైకి చదివేదాన్ని. పక్కనున్నవాళ్ళు జరిగి కూర్చునేవారు.

కుప్పంలో మాకు నిమ్ము గురించి మూడు రోజులు పాఠం చెప్పారు. చెప్పింది ఒక పెద్ద డాక్టరమ్మ. ఏ దేశం పోయినా పసిబిడ్డల్ని ఎక్కువగా తీసుకుపోయే జబ్బుల్లో నిమ్ము ముందుంటుందని, దాన్ని పట్టుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదని, మీ కళ్ళు చాలని చెప్పింది. బిడ్డ చొక్కా ఎత్తు. పొట్ట కదిలేది చూడు. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలల లోపు బిడ్డకు అరవై, ఏడాది లోపు యాభై, ఐదేళ్ళ లోపు నలభై. ఆ లెక్క అందుకున్నా, దాటినా నిమ్మే. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు డొక్క గుంట పడితే అది ముదిరిన నిమ్ము, ఆ బిడ్డ ఆస్పత్రిలో ఉండాలి. పంపే ముందు మాత్ర పొడిచేసి తల్లిపాలలో కలిపి మొదటి మోతాదు పట్టించి పంపాలి. ఈ చివరి మాట మాచేత బడిపిల్లల్లాగా మూడుసార్లు అనిపించింది.

నిమిషం చూడటానికి ఒక చిన్న పెట్టె ఇచ్చారు. కోడిపిల్లలాగా కిచకిచమని, నిమిషం కాగానే గట్టిగా కూసేది. నాకు యాభై దాటితే లెక్క తప్పేది. నర్సమ్మే ఉపాయం చెప్పింది. ఒళ్ళో చింతగింజలు పెట్టుకో, పది ఊపిర్లకు ఒక గింజ పక్కకు జరుపు అని. చింతగింజలతో నేను లెక్కపెట్టిన బిడ్డలు ఎందరో నాకే తెలియదు. ఊరికి పోగానే ముసలివాళ్ళు "గింజలమ్మ వొచ్చిండాది, సొక్కాలు ఎత్తండి" అని ఎగతాళి చేసేవాళ్ళు. చేసినా ఎత్తేవాళ్ళు.

ఊరూరా ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒకటే చెప్పాం. వాత పెట్టొద్దు. బిడ్డకు పొగ పెట్టొద్దు. నోరు తెరిపించి ఆముదం పోయొద్దు. డొక్క గుంట పడితే ఉన్న పని ఉన్నట్టు వదిలేసి మా దగ్గరికి రండి. వాళ్ళు విన్నారు. ఇది గుర్తు పెట్టుకోండి అమ్మాయిలూ. వాళ్ళు విన్నారు. రెండేళ్ళపాటు మాత్రలు నర్సమ్మ ఇచ్చేది. ఆమె లేని రోజు నేను ఇచ్చేదాన్ని. పిల్లలు లేచి తిరిగారు.

తర్వాత కొత్త డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, మదనపల్లె నుంచి మోటారు సైకిలు మీద పదకొండుకు వచ్చి ఒంటిగంటకు పోయేవాడు. చెడ్డవాడని చెప్పను. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. భయస్తుడు. తప్పు జరుగుతుందేమోనన్న భయం కాదది. తప్పు తనమీద పడుతుందేమోనన్న భయం.

ఒకరోజు నేను మాత్ర పొడి చేస్తుండగా చూశాడు.

"ఏందమ్మా అది?"

"నిమ్ము మాత్ర సార్. నర్సమ్మ సంతకు పోయిండాది. బిడ్డకు యాభై నాలుగు ఉండాది."

"నాలుగక్షరాలు రాంగానే డాక్టరైపోయినావా? రేపు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాల, నువ్వా, నేనా?"

"కుప్పంలో ఇయ్యమని చెప్పినారు సార్."

"కుప్పంలో చెప్పినోళ్ళు ఈడికి రారు. ఇక మీద నువ్వు మందు ముట్టుకోవద్దు. చీటీ రాసి మదనపల్లె పెద్దాస్పత్రికి పంపు. అదన్నా సరిగ్గా రాయి."

సరిగ్గా రాయి అని ఎందుకన్నాడంటే, అంతకు వారం ముందు నేను రాసిన చీటీ ఒకటి ఆయన చేతిలో పడింది. వరుసలు కొండ ఎక్కినట్టు పైకి పోయి ఉన్నాయి. దాన్ని మందుల గదిలో అందరికీ చూపించి, "ఇది చీటీనా, ముగ్గా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఇంటికి పోయి రూళ్ళ పుస్తకం కొనుక్కుని రోజూ రెండు పేజీలు రాయడం మొదలుపెట్టాను. పుస్తకం నిండేసరికి అక్షరాలు కుదురుకున్నాయి.

నర్సమ్మ మాత్రం మాత్రల పొట్లం నా సంచిలోంచి తీయలేదు. "నువ్వు ఇయ్యి మే. అడిగితే నేనే ఇచ్చినానని సెప్తా" అంది. నేను తల ఊపాను. కానీ ఇవ్వలేదు. ఆమె ఉన్న రోజు ఆమె ఇచ్చేది. లేని రోజు నేను చీటీ రాసేదాన్ని.

ఇక ఆ రోజు. చలి ముదిరిన రోజులు. రెండు రోజుల పోలియో చుక్కల మీటింగని నర్సమ్మ పొద్దున్నే పుంగనూరు పోయింది. డాక్టరు ఇంకా రాలేదు. తొమ్మిదిన్నరకు ఒక అత్తా కోడలు వచ్చారు. కోడలికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, చంకలో ఎనిమిది నెలల ఆడబిడ్డ. రెండు మైళ్ళు నడిచి వచ్చారు. అత్త గడప దాటక ముందే మొదలుపెట్టింది.

"ఏమ్మే గింజలమ్మా, నువ్వు సెప్పినట్లే వొచ్చినాం. పొగ ఎయ్యలా. ఆముదం పొయ్యలా. మా తోడికోడలు సురక పెడదామని గాజుముక్క కాలుస్తాంటే, దాన్ని ఎత్తి దిబ్బలో ఇసిరేసినా. తెల్లారి సూస్తే డొక్క గుంత పడతాండాది. పాలు రెండు గుక్కలు తాగి వొదిలేస్తాండాది. ఊరికే రాలా మే, సూడు."

చొక్కా ఎత్తాను. కోడిపిల్ల పెట్టె కూసేసరికి ఆరు గింజలు జరిగి, పైన ఎనిమిది ఊపిర్లు. మళ్ళీ లెక్కపెట్టాను. అంతే. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి లాగుకుపోతోంది, మూలుగుతోంది. నాకు అన్నీ తెలుసు. కుప్పంలో ఆ డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా నా చెవుల్లో ఉంది. మాత్రల పొట్లం నా భుజానికి వేలాడే సంచిలో ఉంది. బిడ్డ రెండు గుక్కలైనా మింగుతోంది. తల్లి పాలు అక్కడే ఉన్నాయి. చెంచా బల్లమీదే ఉంది.

నేను చీటీ పుస్తకం తీశాను.

పది గంటలకు మదనపల్లె బస్సు. చాలా టైముంది అనుకున్నాను. బిడ్డ పేరు, తల్లి పేరు, వయసు, ఊపిరి లెక్క. అన్నీ రాసి చూసుకుంటే మూడో వరుస కింద సిరా చెదిరి మరక పడింది. ఈ మరక డాక్టరు చూస్తే? పెద్దాస్పత్రి వాళ్ళు చూసి ఏ మొద్దు రాసింది ఇది అనుకుంటే? చించేశాను. ఇంకొకటి మొదలుపెట్టాను. ఈసారి రూళ్ళు కూడా గీశాను. రూళ్ళు! బిడ్డ మూలుగుతోంది, నేను స్కేలు పెట్టి రూళ్ళు గీస్తున్నాను.

"బస్సొచ్చే యాళయింది మే" అంది అత్త.

"ఉండమ్మా. చీటీ లేకుంటే ఆడ లోపలికి రానీరు."

ఈ మాట నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పెద్దాస్పత్రి వాకిట్లో ఎవరైనా చీటీ అడిగి బిడ్డను వెనక్కి పంపడం నేను కళ్ళతో చూశానా? చూడలేదు. నాకు చీటీ అంత పెద్దదైపోయింది కాబట్టి లోకానికంతా అంతే అనుకున్నాను.

కోడలు బిడ్డను భుజాన వేసుకుని నా చేతినే చూస్తూ నిలబడింది.

హారను వినపడింది. నేను కింద సంతకం పెడుతున్నాను. వాళ్ళు చీటీ తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. బస్సు వంపు తిరిగి పోయింది. దుమ్ము మాత్రం ఉంది.

తర్వాతి బస్సు ఒంటిగంటకు. చివరకు పదకొండున్నరకు మదనపల్లె మార్కెట్టుకు పోయే టమోటాల వ్యాను ఒకటి ఆపి, పెట్టెల మధ్య వాళ్ళను కూర్చోబెట్టాను. ఆ గంటన్నరలో కూడా నేను మాత్ర ఇవ్వలేదు. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. రోడ్డు పక్కన తాటాకు అంగడి నీడలో గంటన్నర వాళ్ళ పక్కనే కూర్చున్నాను, సంచి నా ఒళ్ళోనే ఉంది. చీటీ రాశాను కదా, నా పని అయిపోయింది అన్నట్టుగా నా బుద్ధి మొద్దుబారింది. డాక్టరు ఆ రోజు రానేలేదు.

పుంగనూరు దాటాక బిడ్డ పోయింది.

మూడు గంటలకు వాళ్ళు తిరిగి వచ్చారు. వాళ్ళ ఊరికి దారి మా గేటు ముందు నుంచే. అత్త లోపలికి వచ్చి నలిగిన కాగితం నా బల్లమీద పెట్టింది.

"ఇదో నీ చీటీ. సదివేవోళ్ళ దాకా పోలా."

తిట్టలేదు. ఆమె తిట్టి ఉంటే నేను ఆ రోజు అన్నం తిని ఉండేదాన్ని.

మరునాడు డాక్టరు వచ్చి కూర్చుని, మొదట అడిగిన మాట వినండి. బిడ్డకు ఎట్లా ఉండిందని కాదు. ఎన్నింటికి వచ్చారని కాదు.

"చీటీ రాసినావా?"

"రాసినాను సార్."

నలిగిన చీటీ చేతికిచ్చాను. సాపు చేసి చూసి, మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. "భలే రాసినావమ్మా, ముత్యాల్లా ఉండాయి. టైము గూడా ఏసినావు. ఇంక మనకేం భయం లేదు. పైగా దారిలో పోయింది కాబట్టి మన కేంద్రం లెక్కలోకి రాదు."

మదనపల్లె లెక్కలోకీ రాదు, అక్కడికి చేరలేదు కాబట్టి. అంటే ఎనిమిది నెలలు పాలు తాగి, బోర్లాపడి, పాకి, నవ్విన బిడ్డ ఏ కాగితంలోనూ చచ్చిపోలేదన్నమాట. తెలివిలేని జనం అంటారే, వాళ్ళు ఏం తక్కువ చేశారు? గాజుముక్క విసిరేశారు. తెల్లారగానే నడిచి వచ్చారు. చెప్పింది చెప్పినట్టు చేశారు. చెప్పిన మేం చేయలేదు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. నా సంచి గుంజుకుని పొట్లం తీసి మాత్రలు లెక్కపెట్టింది. ఒక్కటీ తగ్గలేదు. చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, ఆ చేతిని అట్లాగే గోడకు ఆనించి నిలబడింది.

"మే, నిన్ను రాయమని సెప్పింది నేనే గదా" అంది.

"నేను ఇంకొకటి రాస్తా నర్సమ్మా" అన్నాను.

ఈసారి రూళ్ళు గీయలేదు. వరుసలు కొండెక్కితే ఎక్కనీ అనుకున్నాను. బిడ్డ ఎన్నింటికి వచ్చింది, ఊపిరి ఎంత, నా సంచిలో ఏముంది, ఎవరు ఇవ్వొద్దన్నారు, ఇవ్వొద్దన్నా ఇవ్వాల్సింది నేనే అని, బస్సు ఎందుకు తప్పిందని, అన్నీ రాశాను. నర్సమ్మ చదివి, కింద తన చేతివ్రాతతో "మాత్రలు సంచిలో పెట్టింది నేను, ఇయ్యమని చెప్పింది నేను" అని రాసి సంతకం పెట్టింది. బిడ్డ పోయిన మాట ఆ నోటా ఈ నోటా పైదాకా పోయి, విచారించడానికి పై ఆఫీసరు జీపులో వచ్చిన రోజు ఆయన చేతికే ఇచ్చాను. డాక్టరు ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఎందుకమ్మా ఇదంతా? నీ మెడకే గదా సుట్టుకునేది?"

"సుట్టుకోనీ సార్. మెడ నాదే గదా."

ఆఫీసరు చదివాడు. మడిచాడు. "మంచిది, చూస్తాం" అన్నాడు. ఏం చూశారో చెప్తాను. నన్ను శాంతిపురం వైపు మార్చారు. నర్సమ్మను ఇంకో మూలకు వేశారు. డాక్టరు పై చదువుకు పోయాడు. మాత్ర ఎవరు ఇవ్వాలన్న దానిమీద ఒక్క ముక్క జవాబు రాలేదు. నేను రాసిన కాగితం ఏ ఫైలులో చెదలు తింటోందో.

శాంతిపురంలో ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా పనిచేశాను. అక్కడ ముందు మాత్ర పట్టించేదాన్ని, బస్సు ఎక్కించేదాన్ని, ఆ తర్వాత టైముంటే చీటీ రాసి వెనక బస్సు కండక్టరుతో పంపేదాన్ని. నాకు మెమోలు ఇచ్చారు. అవన్నీ కూడబలుక్కుని చదివి మడిచి పెట్టుకున్నాను. ఒకసారి అక్కడి డాక్టరు "నీకు చెప్తే అర్థం కాదా?" అంటే, "అర్థమైనందుకే ఒక బిడ్డను పోగొట్టినా సార్. ఇంక అర్థం చేసుకోను" అన్నాను. ఆయన మంచివాడు, మళ్ళీ అడగలేదు.

ఆ మాత్ర వేసి ఉంటే బిడ్డ బతికేదా అంటారు. నాకు తెలియదు. పది గంటల బస్సు ఎక్కి ఉంటే బతికేదా? అదీ తెలియదు. తెలుసుకునే వీలు ఆ బిడ్డకు నేనే లేకుండా చేశాను. ఇప్పుడు నిమ్ముకు టీకా వచ్చింది, సంతోషం. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, ఇంకా సంతోషం. అయినా మీలో ఎవరో ఒకరు ఈ రోజు కూడా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫోనులో ఏదో ఒక గడి నింపుతూ ఉంటారు. నింపనిదే పై గడి తెరుచుకోదంటారు. మీ చెవి పట్టుకుని చెప్పేదానికి నేను అక్కడ ఉండను. అందుకే రాశాను.

ఇంకొకటి మిగిలింది. శాంతిపురం పోయే ముందు ఆ ఊరికి పోయాను. నర్సమ్మ వద్దంది. నిజం చెప్పి ఆ తల్లి పుండు మీద కారం చల్లొద్దంది. అయినా పోయాను. అత్త చేనికి పోయి ఉంది. కోడలు వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. రవిక ముందంతా పాలు కారి తడిసి ఉంది. ఎదురుగా కూర్చుని, ఆ రోజు నా సంచిలో మందు ఉండిందని, నేను ఇవ్వలేదని చెప్పాను.

చాలాసేపు ఒలుస్తూనే ఉంది. తర్వాత తల ఎత్తింది. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు నేను వినలేదు.

"నువ్వు రాస్తాంటే సూస్తా నిలబడినాను గదక్కా. అంత నిదానంగా, గీతలు గీసి గీసి రాస్తాంటే, అదేందో పెద్ద మందే అనుకున్యా. బస్సు పోయినా పర్వాలేదు, ఈయమ్మ బాగా రాయనీలే అనుకున్యా."

చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"ఆ మాత్ర యాడుండాది ఇప్పుడు?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుంది. చుట్టూ ఒలిచి పోసిన చెనక్కాయ గింజల పక్కన అది వాటిలో సగం కూడా లేదు. వేలితో ఒకసారి దొర్లించి చూసింది.

"ఇంతేనా?" అంది.